మైకు మీద కూర్చున్న క్యాప్టెన్

మా టలీ క్రీక్‌లో ఫైరింజన్ ఎక్కి పొరపాటున రేడియో మైకు మీద కూర్చున్నవాళ్ళు దళంలో అందరికీ ఒక కార్టన్, అంటే పెద్ద పెట్టెడు, బీరు తేవాలి. మైకు మీట నొక్కుకుపోతే, లోపల మనం చెప్పుకునే కబుర్లన్నీ చుట్టుపక్కల ఫైరింజన్లన్నిటిలో వినిపిస్తాయి మరి. ఒకసారి ఒకాయన తన భార్య వంట గురించి వాపోతుంటే నాలుగు ఊళ్ళ దళాలు విన్నాయి. పాపం, కార్టనూ తెచ్చాడు, తర్వాత వంటా నేర్చుకున్నాడు. మీట నొక్కుకుపోయిందని చూసి కూడా నోరు మూసుకున్నవాళ్ళు రెండు కార్టన్లు తేవాలి. ఈ రెండో రూలు పెట్టింది మా క్యాప్టెన్ క్లారీ హాకింగ్. ఆ రూలు తగిలేది నాకేనని ఆయనకప్పుడు తెలియదు, నాకూ తెలియదు.

క్లారీ గోధుమ రైతు. గుమ్మడికాయంత తల, ఆ తలలో అంతకన్నా పెద్ద పంతం. మంటలంటే ఆయనకు భయం లేదు కానీ క్షమించమని అడగడమంటే చచ్చేంత భయం. నా పేరు నెరిడా. పల్లె అగ్నిమాపకుల సంఘంలో మా జిల్లా శాఖకు కార్యదర్శిని. ఈ సంఘంలో క్లారీలాగా ఊరికే వచ్చి మంటలార్పేవాళ్ళూ ఉన్నారు, జీతానికి పనిచేసేవాళ్ళూ ఉన్నారు. నేను రెండూనూ. వారంలో కొన్నాళ్ళు జిల్లా ఆఫీసులో జీతానికి కూర్చుంటాను, పేజర్ మోగితే మాత్రం జీతం ఊసెత్తకుండా ఫైరింజన్ ఎక్కుతాను.

గొడవంతా ఒక హెల్మెట్ పట్టీ దగ్గర మొదలైంది. చలికాలంలో సిడ్నీ నుంచి టాంసిన్ వోయిట్ అనే అమ్మాయి జీతం మీద మా జిల్లా ఆఫీసరుగా వచ్చింది. వచ్చిన మొదటిరోజే అందరి ముందూ, "క్యాప్టెన్, మీ గడ్డం కింద పట్టీ ఊడిపోయింది, బిగించుకోండి" అంది. అంతే, ఆయనకు తల కొట్టేసినట్టయింది. అప్పటినుంచీ సాధించడం మొదలుపెట్టి, చివరికి డిసెంబర్ ఎండల్లో జరిగే సమావేశానికి ఒక తీర్మానం సిద్ధం చేశాడు. జీతగాళ్ళెవరూ మన శాఖలో ఉండకూడదట.

"మరి నా సంగతేంటి?" అని నిలదీశాను.

"నువ్వు మనమనిషివి కదా!"

"మనమనిషినే, జీతం కూడా తీసుకుంటున్నా. సోమవారం బయటికి గెంటి శనివారం లోపలికి పిలుస్తారా?"

"అబ్బా, నీకన్నీ లాయరు ప్రశ్నలే!" అని తప్పించుకున్నాడు.

నాకు నవ్వు రాలేదు. మా ఆయన పోయాక నన్ను మళ్ళీ మనుషుల్లో పడేసింది ఆ సంఘమే. దాన్ని ఒక పట్టీ కోసం నిలువునా చీల్చేస్తానంటే ఒళ్ళు మండిపోయింది. అయితే పక్క ఊరి మెగ్లించీతో సహా తక్కిన దళాల క్యాప్టెన్లు క్లారీ మాట కాదనలేరు. తీర్మానం నెగ్గుతుందని అందరికీ తెలుసు.

సమావేశం రోజు పొద్దున్నే డన్‌స్టన్ అనే రైతు పొలంలో కోత యంత్రం నుంచి నిప్పురవ్వ లేచింది. మేం వెళ్ళేసరికి గోధుమ కొయ్యకాళ్ళలో మంట పరుగు తీస్తోంది. వెంటపడి ఆర్పేద్దామని క్లారీ. కాసేపట్లో గాలి తిరిగి దక్షిణం నుంచి వీస్తుంది, బళ్ళన్నీ రోడ్డు మీద నిలబెట్టండని టాంసిన్.

"ఆఫీసరమ్మ ఆజ్ఞ" అని గొణుక్కుంటూ క్లారీ బండిని రోడ్డెక్కించాడు. గాలి తిరిగింది. మంట ముక్కు తిప్పుకుని నేరుగా మా నీళ్ళగొట్టాల ముందుకొచ్చి పడింది. డన్‌స్టన్ ఇల్లూ, షెడ్డూ, షెడ్డులో ఉన్న పంటా దక్కాయి.

మధ్యాహ్నానికి అంతా చల్లబడింది. ఐదు ఫైరింజన్లు పొలం చుట్టూ ఆగి పొగలు చూసుకుంటున్నాయి. నేనూ క్లారీ మా బండెక్కి శాండ్‌విచ్‌లు విప్పాం. క్లారీ ఉస్సురంటూ సీటులో కూలబడ్డాడు. రేడియో మీద చిన్న ఎర్ర లైటు వెలిగింది.

మైకు ఆయన కింద ఉంది!

చెప్పబోయాను, దేవుడి తోడు. ఆఫీసుతో మాట్లాడే పెద్ద రేడియో వేరే ఉంది, అది ఖాళీగానే ఉంది. ఇది ఆ పొలంలో ఉన్న బళ్ళ మధ్య మాటలకే. అయినా చెప్పి ఉండాల్సిందే. కానీ సరిగ్గా అప్పుడే క్లారీ నోరు తెరిచాడు.

"నెరిడా, ఒక మాట చెప్తా, నీ కడుపులో పెట్టుకో."

"చెప్పు క్లారీ" అన్నాను. "కాస్త గట్టిగా చెప్పు, ఇంజన్ మోతకి వినబడట్లేదు."

"ఆ పిల్ల చెప్పిందే రైటు."

"ఏ పిల్ల?"

"ఎవరేంటి, టాంసిన్. నా మాటే నెగ్గుంటే ఈపాటికి డన్‌స్టన్‌గాడి షెడ్డు బూడిదయ్యేది. మనం కూడా ఎటు పోయేవాళ్ళమో!"

"ఆ ముక్క ఆ అమ్మాయితోనే అనొచ్చుగా?"

"పిచ్చా నీకు? పొద్దుగూకితే తీర్మానం పెట్టాలి. ఇప్పుడు వెనక్కి తగ్గితే మెగ్లించీగాడు బతకనిస్తాడా? అసలు వాడి బండి చూడు, ఎలా నిలబెట్టాడో! తాగిన ఆవు పడుకున్నట్టుంది."

ఎదురుగా ఉన్న ఫైరింజన్‌లో మెగ్లించీ తలెత్తి మా వైపు చూశాడు. నేను శాండ్‌విచ్ అడ్డం పెట్టుకున్నాను.

"మరి పట్టీ సంగతి?" అని అడిగాను.

క్లారీ శాండ్‌విచ్ పెద్ద ముక్క కొరికాడు. "ఊడిందిలే" అన్నాడు చివరికి. "ఊడిపోయే ఉంది ఆ రోజు. మా అమ్మాయి కూడా అలాగే అంటుంది, నాన్నా పట్టీ పెట్టుకో అని. దాని మీద అరవనుగా! మరి ఈ పిల్ల మీదెందుకు అంత కోపమొచ్చిందో నాకే తెలీదు."

అంతటితో నేను నీళ్ళసీసా కావాలని వంక పెట్టి ఆయన్ను సీటులోంచి లేపాను. ఎర్ర లైటు ఆరిపోయింది. పొలం చుట్టూ ఒక్కడు కిక్కురుమంటే ఒట్టు.

సాయంత్రం ఎండ ఇంకా తగ్గలేదు. ఫైర్ షెడ్డులో కుర్చీలు వేశాం. బయట సాసేజీలు కాలుతున్నాయి. టాంసిన్ వెనక వరసలో కూర్చుంది. ముఖం చూస్తే ఏమీ తెలియలేదు. క్లారీ స్నానం చేసి, చొక్కా ఇస్త్రీ చేసుకుని, వెంట వచ్చిన కుక్క మస్టర్డ్‌ను బయట ఫైరింజన్‌లో కూర్చోబెట్టి వచ్చాడు. లేచి తీర్మానం చదివాడు. గొంతులో పొద్దుటి పదును లేదు.

"బలపరిచేవాళ్ళు ఎవరు?" అని అడిగాను.

ఎవరూ కదల్లేదు. క్లారీ అటూ ఇటూ చూశాడు. నిన్నటిదాకా ఆయన మాటకు తలూపినవాళ్ళంతా సీలింగు ఫ్యాను చూస్తున్నారు. మెగ్లించీ లేచాడు.

"బలపరుస్తాలే క్లారీ. ముందు ఒకటి చెప్పు. తాగిన ఆవు ఏ వైపుకి తిరిగి పడుకుంటుంది?"

షెడ్డు రేకులు అదిరిపోయేలా నవ్వారు. క్లారీ ముఖంలో రంగులు మారాయి. మెల్లగా తల తిప్పి నా వైపు చూశాడు. నేను కాగితాలు సర్దుకున్నాను. ఆయన బయటికి నడిచాడు. నవ్వు ఆగిపోయింది. వెళ్ళిపోయాడు, ఇక ఈ మనిషి మళ్ళీ మా గడప తొక్కడనుకున్నాను. సంఘాన్ని నిలబెడదామని అసలు మనిషినే పోగొట్టుకున్నానా?

ఫైరింజన్ తలుపు చప్పుడైంది. టాంసిన్ నడుముకున్న రేడియో గరగరలాడింది.

"టలీ క్రీక్ నుంచి జిల్లా ఆఫీసర్‌కి." క్లారీ గొంతు. బిగుసుకుపోయి ఉంది.

టాంసిన్ రేడియో నోటి దగ్గర పెట్టుకుంది. "చెప్పండి, టలీ క్రీక్."

"పొద్దున మీరిచ్చిన సలహా మంచిది. ఆ మాట మీతో చెప్పాల్సింది, చెప్పలేదు. అది నా తప్పు. తీర్మానం వెనక్కి తీసుకుంటున్నా. పట్టీ కూడా బిగించుకుంటా. ఓవర్."

టాంసిన్ కళ్ళు తుడుచుకుంది.

"మీ సందేశం అందింది క్యాప్టెన్" అంది. "మధ్యాహ్నమే అందింది. సాసేజీలు మాడిపోతున్నాయి, లోపలికి రండి. ఓవర్."

చప్పట్లు కొట్టబోయాం. రేడియో మళ్ళీ గరగరలాడింది. ఈసారి క్లారీ గొంతు మెత్తగా ఉంది. తన కుక్కతో మాట్లాడుతున్నాడు.

"దిగరా మస్టర్డ్, సీటంతా నీదేనా? విన్నావా, అయిపోయింది. ఆ నెరిడా ఉంది చూశావ్, అది ఎర్ర లైటు చూసే ఉంటుందిరా. దాని కంటికి కనబడకుండా ఉంటుందా! 'గట్టిగా చెప్పు క్లారీ' అట, దొంగమొహంది! మంచి పని చేసిందిలే. దాని ముందు అనకు, నెత్తికెక్కుతుంది."

ఇప్పుడు అందరి కళ్ళూ నా మీద పడ్డాయి. మెగ్లించీ రెండు వేళ్ళు చూపించాడు. రెండు కార్టన్లు.

నేను పరుగున బయటికెళ్ళాను. క్లారీ కుక్కను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏంటి, తిట్టించుకోడానికొచ్చావా?" అన్నాడు.

"కొంచెం లే క్లారీ."

లేచాడు. ఆయన కింద నుంచి మైకు తీసి చూపించాను. ఎర్ర లైటు ఆరింది. షెడ్డులోంచి నవ్వులు వినబడ్డాయి.

"మళ్ళీనా!" అన్నాడు.

"మళ్ళీనే. నీవి రెండు, నావి రెండు. ఈసారి మాత్రం చూడగానే చెప్పాను, గుర్తుపెట్టుకో."

మైకును కొక్కేనికి తగిలించాను. ఇద్దరం కలిసి లోపలికి నడిచాం. టాంసిన్ అప్పటికే మూడు ప్లేట్లు సర్ది, తన పక్కన రెండు కుర్చీలు లాగి పెట్టింది.