గీత పడని బండి

సరోజకి ఉన్న భయమల్లా ఒక్కటే. ఆ కారు మూలాన ఏదో ఒకరోజు మొగుడు ఎవరి చేతిలోనో చచ్చిపోతాడని.

ఆదివారం పొద్దున్నే భీమశంకరం కారు కిందకి దూరి వెల్లకిలా పడుకున్నాడు. బయటికి కాళ్ళే కనిపిస్తున్నాయి. చంకలో చంటిబిడ్డ దీపుతో సరోజ పక్కన నిలబడి, అడిగినప్పుడల్లా పానా అందిస్తోంది. ఫరీదాబాద్ ఫ్యాక్టరీలో వారమంతా లేతు మిషను మీద ఒళ్ళు హూనం చేసుకునే మనిషికి సెలవునాడు ఇదే విశ్రాంతి. ఆ కారు చూడబోతే ఎవరో వదిలించుకున్న పాత చిన్న బండి. ఆటో సీటు కోసి డ్రైవరు సీటు చేశాడు. టెంపో స్ప్రింగులేసి జానెడు పైకి లేపాడు. వెనక బంపరు పీకేసి, లావుపాటి ఇనపగొట్టాన్ని తనే వెల్డింగ్ చేసి బిగించాడు. దాన్ని ఎవరైనా డబ్బా అంటే ఊరుకోడు. కింది వాటా కుర్రాడు అన్నందుకు చెంప పగలగొట్టాడు. వాడి అన్న వచ్చి ఇతని పెదవి చీల్చి పోయాడు. ఇలాంటి బళ్ళ పిచ్చే ఉన్న గోపీకృష్ణ, జనక్‌పురిలో ఉండే సర్కారు గుమస్తా, నువ్వు చేసిందే రైటని ఎగదోస్తుంటాడు.

ఆ మధ్యాహ్నం పెళ్ళాంబిడ్డతో వెళ్ళి, గోపీకృష్ణతో కలిసి అశోకా రోడ్‌లోని క్యాంటీన్లో భోంచేసి, అతను అటూ వీళ్ళు ఇటూ బయల్దేరారు. బదర్‌పూర్ దాటాక సిగ్నల్ దగ్గర ఆగితే, వెనకనుంచి ఓ పెద్ద నల్లకారు వచ్చి గుద్దింది. దాని మొహమే పగిలి వేలాడింది. ముగ్గురు కుర్రాళ్ళు బూతులు తిడుతూ దిగారు. తప్పు వాళ్ళదే అయినా, తల వంచుకుని 'సారీ భయ్యా' అనేస్తే తిట్టి పోయేవాళ్ళేమో. భీమశంకరం గొంతుక్కూర్చుని రుమాలుతో గొట్టం తుడిచాడు. అతుకు మీద వేలు నడిపాడు. దేఖో, దేఖో అంటూ వాళ్ళనీ చూడమని పిలిచాడు. పసిపిల్లాడిలా నవ్వుతున్నాడు.

"సూడవే సరోజా, గీత కూడా పడనేదు."

ఒకడు జుట్టు పట్టి అతని తలని ఆ గొట్టానికేసే కొట్టాడు. ఇంకొకడు బూటుకాలితో డొక్కలో తన్నాడు, మళ్ళీ తన్నాడు. మూడోవాడు రాడ్డు తెచ్చి వెనక లైటు పగలగొట్టేసరికి, నెత్తురు కారుతున్న మనిషి పాక్కుంటూ లేచి డిక్కీ మీద బోర్లా పడ్డాడు. ఇక రాడ్డు అతని నడుం మీదే పడింది. కారు లోపల సరోజ దీపు మొహాన్ని పొట్టకి అదుముకుని "ఛోడ్ దో భయ్యా" అంటూ వదిలెయ్యమని అరుస్తూనే ఉంది. చుట్టూ జనం ఫోన్లలో వీడియో తీసుకున్నారు. పచ్చలైటు పడ్డాక ఆ ముగ్గురూ కారెక్కి వెళ్ళిపోయారు.

ఆసుపత్రికి పోదామంటే వినలేదు. తనే ఇంటిదాకా బండి నడిపాడు.

"ఏటీ అవనేదే. సొట్ట నాకు పడింది, బండికి కాదు."

రోడ్డు మీద ఏరుకొచ్చిన లైటు ముక్కల్ని కిటికీ దగ్గర కూర్చుని అతికించడం మొదలెట్టాడు. మధ్యలో గోపీకృష్ణకి ఫోన్లో కథంతా చెప్పి నవ్వాడు. నవ్వి డొక్క పట్టుకున్నాడు. కాస్త కళ్ళు తిరుగుతున్నాయని కూలరు ముందు పడుకున్నాడు. గండం గడిచిందనుకుంది సరోజ. లేపితే చిరాకుపడతాడని, దీపుని ఏడవనివ్వకుండా మేడమీద తిప్పింది.

దీపాలు పెట్టే వేళకి టీ తెచ్చి భుజం తట్టింది. భుజం చల్లగా ఉంది. లోపల్లోపలే నెత్తురు కారిపోయిందని తర్వాత డాక్టరు చెప్పాడు.

కిటికీ గట్టు మీద సగం అతికిన ఎర్రటి లైటు అద్దం, పక్కన మూత పెట్టని గమ్ము ట్యూబు అలాగే ఉన్నాయి. మీ ఇంట్లోగాని పక్కింట్లోగాని ఎవరైనా దెబ్బలు తినొచ్చి, ఏం లేదంటూ పడుకుంటే, నిద్ర పాడవుతుందని చూడకండి. ఒకసారి లేపండి.