చావు లేని మాట

రంగూను నుంచి కాలినడకన బయటపడి నరసరావుపేటలో అక్క ఇల్లు చేరిన నాటి నుంచి కృపామణికి బావ ఇన్నయ్య చెబుతున్నది ఒక్కటే. "నీకు చీనా మాటలొచ్చని ఎవరి దగ్గరా అనబాక. రోజులు మంచియి కావు."

నిజంగానే రోజులు బాగాలేవు. ఆ వేసవిలోనే విశాఖపట్నం మీద జపాను బాంబులు పడ్డాయి. కొత్త ముఖం కనబడితే చాలు, గూఢచారి అంటున్నారు. కానీ అక్క నోరు ఊరుకుంటుందా? మా చెల్లెలు రంగూన్లో చీనావాళ్ల పిల్లల్ని పెంచింది, వాళ్ల భాష గడగడా మాట్లాడుతుందని గుడిలో ఎవరితోనో గొప్పగా చెప్పుకుంది. ఆ మాట చేరాల్సిన చోటికే చేరింది. హెడ్డు కానిస్టేబుల్ బ్రహ్మానందం వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మాయ్, పట్టుబట్టలమ్మే చీనావాడు దొరికాడు. గుంటూరు పోలీసు దొర వచ్చున్నాడు. బంగళాకి రా."

ఇన్నయ్య ముఖం పాలిపోయింది. కృపామణి చెంగు నెత్తిమీదికి లాక్కుని అతని వెంట నడిచింది.

బంగళా వరండాలో చీనావాడు నేలమీద కూర్చుని ఉన్నాడు. పోలీసులు విప్పి వెతికిన మూటలోంచి పట్టుగుడ్డలు దుమ్ములో పొర్లుతున్నాయి. మాచర్ల రైలు కట్ట మీద నడవొద్దని ఒకసారి హెచ్చరించినా, మళ్లీ వంతెన దగ్గరే దొరికాడట.

అతని యాస రంగూను యజమానురాలి యాస కాదు. రెండు మాటల్లో ఒకటి అర్థమైతే గొప్ప. అయినా తన భాష చెవిన పడగానే అతని కళ్లు నిండాయి. "జపానువాళ్లు మా ఊరు తగలబెట్టారు, అక్కా. నేను వాళ్ల మనిషినెట్లా అవుతాను? ఏళ్ల తరబడి పట్టాల వెంటే నడిచాను. వద్దన్నారని తెలుసు. కాళ్లే అటు పోయాయి."

కృపామణి తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పింది. దొర విని, కొంచెం మెత్తబడి నవ్వాడు. "ఓల్డ్ హ్యాబిట్స్ డై హార్డ్. టెల్ హిమ్."

ప్రతి మాటా ఆమెకు తెలిసిందే. కొంప ముంచింది అదే. భయంలో, తొందరలో ఉన్నవి ఉన్నట్టు పేర్చి చెప్పేసింది: పాత అలవాటు, చావు, కష్టం.

చావు తప్ప ఇంకేదీ అతనికి వినబడలేదు. కానిస్టేబుల్ భుజాన ఉన్న తుపాకీ వైపు చూశాడు. ఒక్క ఉదుటున వరండా దిగి పరుగెత్తాడు. గేటు దగ్గర ఇద్దరు పట్టుకుని పడేశారు. బ్రహ్మానందం లాఠీ ఎత్తాడు. "చూశారా, తప్పు చేయనోడు పారిపోతాడా?"

కృపామణి గేటు వైపు పరుగెత్తింది. ఒక మనిషిని నోటితో చంపేశాననిపించింది. "ఆగండయ్యా! కొట్టబాకండి!" అని అరిచింది. దొర అన్నదానికి మనకూ ఓ సామెత ఉంది: పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు. నాలుక చివరికొచ్చి ఆగిపోయింది. దాంట్లోనూ చితే. అప్పుడు తట్టింది, గోళ్లు కొరుక్కునే మనవణ్ణి రంగూను చీనా ఇంటి ముసలమ్మ కసురుకునే మాట. ఆ మాటే గొంతెత్తి అరిచింది: "కొండల్నీ నదుల్నీ మార్చవచ్చు గాని మనిషి స్వభావాన్ని మార్చలేం!"

చీనావాడు పెనుగులాట ఆపాడు. తలెత్తాడు. "ఆయన అన్నది అదా?"

"అదే. నవ్వుతూ అన్నాడు. నాకే చెప్పడం రాలేదు."

అతను ఆ దుమ్ములోనే కూర్చుని నవ్వుతూ ఏడ్చాడు.

"ముందు ఏం చెప్పావు?" అని దొర అడిగాడు. అబద్ధమాడితే పట్టుకునేవాళ్లు అక్కడ లేరు. కానీ అతను పారిపోయిన తప్పు అతని మీదే ఉండిపోతుంది. "చావు అన్నాను, దొరా. తప్పు నాదే," అంది.

మళ్లీ పట్టాలెక్కితే జైలేనని దొర చీనావాణ్ణి హెచ్చరించి వదిలేయమన్నాడు. ఆ తర్వాత ఆమెతో ఇంకో మాట చెప్పాడు.

ఇన్నయ్య వీధిలోనే ఎదురొచ్చాడు. "వదిలేశారా?"

"వదిలేశారు."

"నిన్ను మళ్లీ పిలవరుగా?"

కృపామణి అతని వైపు చూడలేకపోయింది. "మద్రాసులో ఇట్టాంటోళ్లని చానామందిని పట్టుకున్నారంట, బావా. ఎల్లుండి రైలెక్కమన్నాడు."