నిమిషానికి పదహారు

మా కంపెనీ కార్ల ఛార్జింగ్ స్టేషన్లు నడుపుతుంది. వాటి దగ్గర నిలబెట్టే ధరల బోర్డు మీద ఏం ఉండాలో రాసేది నేను. మా ఇంట్లో పదో తరగతి దాటింది నేనొక్కదాన్నే కాబట్టి, ఇంట్లోవాళ్ళ దృష్టిలో ఆ కంపెనీని నేనే నడుపుతున్నట్టు లెక్క. నిజానికి నా బల్ల మంచినీళ్ళ యంత్రానికీ మరుగుదొడ్డి తలుపుకీ మధ్యలో ఉంటుంది.

మొన్నటిదాకా మా బోర్డు మీద ఒకే ఒక్క వరుస ఉండేది: యూనిట్‌కి ఇరవై రూపాయలు. ఎంత కరెంటు ఎక్కితే అంత డబ్బు. పాలు లీటరు ఎంతో చెప్పినంత తేలిక. ధర అంత తేలిగ్గా అర్థమైపోవడం కంపెనీకి నామోషీ అనిపించిందేమో, పై అంతస్తులో నెలన్నరపాటు తలుపులు వేసుకుని కూర్చుని మూడు ప్లాన్లు తయారు చేశారు. నెలకైతే 'స్నేహం', ఆరు నెలలకైతే 'బంధం', ఏడాదికైతే 'కుటుంబం'. మూడూ ఒకే తానులోంచి కత్తిరించిన చొక్కాలు, సైజులే వేరు. రుసుము ముందే కట్టి వాటిలో చేరితే ఇక యూనిట్ల ఊసు ఉండదు. నిమిషానికి పదహారు. చేరకపోతే యూనిట్‌కి ఇరవై రెండు. మాతో స్నేహం చెయ్యనందుకు యూనిట్‌కి రెండు చొప్పున జరిమానా అన్నమాట.

బోర్డు మీద ఒక ఉదాహరణ ఉండాలన్నారు మేనేజర్ గారు. తన సొంత కారు లెక్కే ఇచ్చారు. అది నిమిషానికి ఒక యూనిట్ గుటగుటా తాగేసే కొత్త కారు. నేను శ్రద్ధగా రాశాను: "ముప్పై నిమిషాలు, ముప్పై యూనిట్లు, 480 మాత్రమే. ప్లాన్ లేకపోతే 660!" చివర ఆ ఆశ్చర్యార్థకం ఆయన పెట్టించినది.

"సార్, పాత కార్లు ఇంత వేగంగా తీసుకోవు. అదే కరెంటు ఎక్కడానికి వాటికి గంట దాటుతుంది. నిమిషాలకి డబ్బు తీసుకుంటే వాళ్ళకి..." అన్నాను.

"పాత కార్లు మన కస్టమర్లు కాదమ్మా, మన జ్ఞాపకాలు!" అన్నారాయన.

తన జోకుకి ముందు తనే నవ్వి, గదంతా నవ్వేదాకా ఆగే మనిషి ఆయన. గది నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత మనసొప్పక "కారును బట్టి సమయం మారవచ్చు" అని కింద ఒక వరుస చేర్చాను. బోర్డు మీద చోటు లేదని దాన్ని యాప్‌లో నాలుగో పేజీకి తోసేశారు. అదే బోర్డు మీద నవ్వుతున్న కుటుంబం బొమ్మకి చోటుంది. వాళ్ళ కుక్కపిల్లకీ చోటుంది.

మా బాబాయిది పాత కారు. ఇద్దరు వాడి వదిలేశాక మూడో చేతికి వచ్చింది. దాంతోనే టాక్సీ తోలతాడు. అంతకు ముందు అద్దె కారు తోలిన పన్నెండేళ్ళలో నా కాలేజీ ఫీజు ఒక్కసారి కూడా ఆలస్యం కానివ్వలేదు. నేను ఉండేదీ బాబాయి ఇంట్లోనే. అలాంటిది, బోర్డు రాసేటప్పుడు ఆయన గుర్తు రాలేదా అంటే, వచ్చాడు. కానీ బాబాయి దేనికీ ముందు డబ్బు కట్టే మనిషి కాదు. చెప్పులు కొనాలన్నా దుకాణంలో నాలుగుసార్లు ఇటూ అటూ నడిచి, చివరికి వద్దని పాతవే వేసుకుని వచ్చేస్తాడు. ఏడాది ప్లాన్ జోలికి పోడులే అని సర్దిచెప్పుకున్నాను. ఆ బోర్డు రాసింది నేనని ఆయనకి తెలుసు. ఆ ఒక్కటీ లెక్కలోకి తీసుకోలేదు.

గురువారం సాయంత్రం భోజనాల దగ్గర బాబాయి ముఖం వెలిగిపోతోంది.

"అమ్మాయ్, నీ బోర్డు పెట్టేశారు. స్టాండులో అందర్నీ తీసుకెళ్ళి చూపించాను."

"దాని పక్కన నిలబడి ఫోటో కూడా దిగాడు మీ బాబాయి," అంది పిన్ని. "మా పెళ్ళిలో నా పక్కన అంత నవ్వుతూ నిలబడితే ఒట్టు."

"నువ్వాగు. రేపు పదింటికి మీవాళ్ళు అక్కడ గొడుగు వేసి బల్ల పెడుతున్నారటగా? స్టాండులో పదకొండు మందిమి. అందరం కుటుంబంలో చేరిపోతున్నాం. తలా తొమ్మిది వేలు."

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "తొమ్మిది వేలు ఎక్కడివి బాబాయ్?"

"టైర్లకని దాచినవి ఉన్నాయిగా. టైర్లు ఇంకో మూడు నెలలు లాగిస్తాయి."

"బాబాయ్, చేరకు. మన కారుకి అది శుద్ధ నష్టం. కట్టిన డబ్బు తిరిగి ఇవ్వరు కూడా."

బాబాయి నా వైపు జాలిగా చూశాడు. "సొంతవాళ్ళకి లాభం చేసిపెట్టిందని ఆఫీసులో మాటొస్తుందనా? నీ పేరు ఎత్తనులేవే. బోర్డు చూసి చేరామంటాను, సరేనా?"

"అది కాదు. మన కారు నిమిషానికి అర యూనిట్ కూడా తీసుకోదు. ముప్పై యూనిట్లు ఎక్కాలంటే గంటా పావు. నిమిషానికి పదహారంటే పన్నెండు వందలు. ఇప్పటిదాకా నువ్వు కడుతున్నది ఆరు వందలే." కాగితం తెచ్చి రాసి చూపించాను.

ఆయన కాగితం చూడలేదు. నా ముఖమే చూశాడు. "లెక్క అంత తప్పుదైతే నువ్వు రాసేదానివా?"

నేను కాగితం మడిచేశాను. "చూశావా!" అన్నాడు బాబాయి పిన్నితో, ఏదో తేలిపోయినట్టు. "దీనికి ఎప్పుడూ ఇంతే. పరీక్ష బాగా రాసి కూడా పోయిందనే చెప్పేది."

మర్నాడు మేనేజర్ గారు నన్నూ స్టేషన్‌కి రమ్మన్నారు. "మీవాళ్ళతో మీవాళ్ళలా మాట్లాడే మనిషి ఒకరుండాలి," అన్నారు. ఆ 'మీవాళ్ళు' అనే మాట ఆయన రెండు వేళ్ళతో పట్టుకుని పక్కన పెట్టినట్టుగా పలికారు.

గొడుగు కింద బల్ల, బల్ల మీద దరఖాస్తులు. పదకొండు మంది డ్రైవర్లూ వచ్చేశారు. బాబాయి ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. చొక్కా జేబు ఉబ్బెత్తుగా ఉంది. అందరికంటే పెద్దాయన్ని అందరూ మీటరు తాత అంటారు. అందరికంటే చిన్నవాడు కవరు బాబు. కొత్త కారు కొని ఎనిమిది నెలలైనా సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు తియ్యలేదని ఆ పేరు.

"మీరంతా మా కుటుంబం," అని మొదలుపెట్టారు మేనేజర్ గారు.

"కుటుంబం అంటే మా ఇంట్లో ఎవ్వరం ఏడాదికి ముందే డబ్బు కట్టించుకోం బాబూ," అన్నాడు మీటరు తాత. అందరూ నవ్వారు. మేనేజర్ గారు నవ్వలేదు. అది ఆయన జోకు కాదుగా.

బాబాయి జేబులో చెయ్యి పెడుతుండగా నేను ముందుకొచ్చాను. "ఆగండి. చేరకముందే ఒకసారి ఉచితంగా ఛార్జింగ్ చేసి చూసుకోవచ్చు. ప్లాన్ ప్రకారం ఎంతవుతుందో మిషను చీటీ ఇస్తుంది. డబ్బు తీసుకోదు. బాబాయ్, నీ కారు పెట్టు. కవరు బాబూ, నువ్వు పక్క ఛార్జింగ్ గన్ను దగ్గర పెట్టు. ముప్పై నిమిషాలు. బోర్డు మీద ఉన్నది కూడా అదే."

"అదీ! అలా అమ్మాలి సరుకు," అన్నారు మేనేజర్ గారు పక్కనున్న మా ఆఫీసాయనతో.

రెండు గన్నులూ ఒకేసారి పెట్టారు. తెర మీద అంకెలు కదలడం మొదలైంది. పది నిమిషాలకి కవరు బాబు కారులో పది యూనిట్లు. బాబాయి కారులో నాలుగు.

"పెద్దన్నా, నీ బండి కరెంటు తాగుతోందా, వాసన చూస్తోందా?" అన్నాడు ఒకడు.

"వేడెక్కాలిరా. అనుభవం ఉన్న బండి అది," అన్నాడు బాబాయి. కానీ బానెట్ మీద చెయ్యి వేసి, మారాం చేసే పిల్లకి చెప్పినట్టు ఏదో అన్నాడు.

ఇరవై నిమిషాలకి ఇరవై, ఎనిమిది. జోకులు తగ్గాయి. ముప్పై నిమిషాలకి మిషన్లు రెండు చీటీలు కక్కాయి. మీటరు తాత కళ్ళజోడు నుదుటి మీంచి దించుకుని రెండూ పైకే చదివాడు. కవరు బాబుది ముప్పై యూనిట్లు, 480. బాబాయిది పన్నెండు యూనిట్లు, 480.

"ఇదేంటి?" అన్నాడు బాబాయి. "నాకు సగం కూడా ఎక్కలేదే! డబ్బు మాత్రం సమానమా?"

మేనేజర్ గారు గొంతు సవరించుకున్నారు. "మీ కారు వేగంగా తీసుకోవడం లేదు. అందులో మా తప్పేం లేదు. మీరు మా గన్నును వాడుకున్న సమయానికి మేం తీసుకుంటున్నాం. సమయం అందరికీ సమానమే కదా? ఇంతకంటే న్యాయమైన ధర ఉండదు."

"మంచినీళ్ళు అమ్మేవాడు గ్లాసుకి తీసుకుంటాడు గానీ, ముసలాడు ఎంతసేపు తాగాడో చూసి తీసుకుంటాడా?" అన్నాడు మీటరు తాత.

"అది వేరు, ఇది వేరు. టెక్నాలజీ అర్థం కావాలంటే కొంచెం..." అని, మిగతాది మింగి, మేనేజర్ గారు నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పమ్మా. నీ మాట వింటారు."

నిజమే, విన్నారు. పదకొండు మందీ నా వైపు తిరిగారు. బాబాయి కూడా చూశాడు. ఏదో ఒక మంచి కారణం చెప్పి ఆయన్ని గట్టెక్కిస్తానన్న ఆశ ఆ చూపులో ఇంకా ఉంది.

"కవరు బాబుది కొత్త కారు. అతనికి ఈ ప్లాన్ నిజంగా లాభమే, కావాలంటే చేరొచ్చు. మిగతా మీ పదిమందివీ పాత కార్లు. మీరు చేరితే తొమ్మిది వేలూ పోతాయి, ఆ పైన కరెంటుకి దాదాపు రెట్టింపు కడతారు. చేరకండి. యూనిట్‌కి ఇరవై రెండు ఇచ్చినా మీకు అదే చవక," అన్నాను.

మేనేజర్ గారి ముఖంలో చిరునవ్వు అలాగే ఉంది గానీ దాని వెనక మనిషి లేడు. "సోమవారం సంజాయిషీ రాసి తీసుకురా," అన్నారు మెల్లగా. "రాయడం బాగా వచ్చుగా."

ఆ బెదిరింపుకి నేను అనుకున్నంత భయం వెయ్యలేదు. భయం వేసింది బాబాయి అడిగినదానికి.

"బోర్డు రాసేటప్పుడు నీకు ఇది తెలుసా?"

"తెలుసు బాబాయ్. పాత కార్ల సంగతి అడిగాను. ఆయన నవ్వారు."

"నువ్వేం చేశావు?"

"నేనూ నవ్వాను."

బాబాయి తన కారు గన్ను తీసి తగిలించాడు. చుట్టూ ఉన్నవాళ్ళ వైపు చూడకుండా, ఒకడి భుజం మీద తట్టి, "పదండ్రా, సవారీలు పోతాయి," అన్నాడు. కవరు బాబు దరఖాస్తు తీసుకున్నాడు, కాసేపు తిప్పి చూసి, అందరి ముందూ చేరడానికి మొహమాటపడి బల్ల మీదే పెట్టేశాడు. మిగతావాళ్ళు కార్లెక్కారు. పోతూ పోతూ మీటరు తాత బోర్డు ముందు ఒక్క క్షణం ఆగి, కుక్కపిల్ల బొమ్మని చూపిస్తూ, "దీనికెంత పడుతుందమ్మా ఏడాదికి?" అని అడిగాడు. నాకు నవ్వు రాలేదు.

"ఎక్కు," అన్నాడు బాబాయి నాతో.

ముందు సీట్లో కూర్చున్నాను. రెండు సిగ్నళ్ళు దాటాం. బాబాయి అరిచినా బాగుండేది. ఇంటి వైపు మలుపు వచ్చింది. కారు తిరగలేదు.

"ఎక్కడికి బాబాయ్?"

"ఆసుపత్రి గేటు స్టాండుకి. అక్కడ ఇంకో తొమ్మిది మంది ఉన్నారు. అన్నీ నాలాంటి బండ్లే. మధ్యాహ్నం మీవాళ్ళ బల్ల అక్కడికే వస్తుంది. నిన్న పొద్దున్నే వెళ్ళి కాలర్ ఎగరేసుకుని మరీ చెప్పొచ్చాను, కళ్ళు మూసుకుని చేరిపొమ్మని."

"ఫోన్ చేసి చెప్పెయ్యచ్చుగా?"

"నేను చెప్పను. నేను చెబితే, నాకేదో కంపెనీతో గొడవైందనుకుంటారు. నువ్వే చెప్పు." స్టీరింగ్ తిప్పుతూ, నా వైపు చూడకుండానే అన్నాడు. "సంగతి మొత్తం చెప్పు. నవ్విన సంగతి కూడా."

ఆసుపత్రి గేటు ఎదురుగా తొమ్మిది కార్లు వరసగా నిలబడి ఉన్నాయి. డ్రైవర్లు అంతా మొదటి కారు దగ్గర గుమిగూడి, ఒకతని టోపీలో డబ్బు పోగు చేస్తున్నారు. బాబాయి కారు ఆపాడు గానీ దిగలేదు. చేతులు స్టీరింగ్ మీదే ఉంచి ఎదురుగా చూస్తూ కూర్చున్నాడు. నేను తలుపు తీసుకుని దిగి, రోడ్డు దాటాను.

"ఎక్కడికమ్మా?" అన్నాడు టోపీ పట్టుకున్నతను, సవారీ అనుకుని.

"ఎక్కడికీ కాదన్నా," అన్నాను. "ఆ డబ్బు ఎవరిది వాళ్ళకి ఇచ్చెయ్యండి. ఎందుకో చెబుతాను."