మూడు మాటలకు పదకొండు రోజులు

నేను ఒక నిఘంటువును. పోర్చుగీసు మాట అడిగితే లాటిన్ మాట చూపిస్తాను. గోవాలో అచ్చయి, తోలు అట్ట తొడుక్కుని, కయితాను ఫాదర్‌గారి పెట్టెలో గోదావరి ఒడ్డున, ఫాదర్లను తయారుచేసే సెమినరీకి వచ్చాను. ఇక్కడ పోర్చుగీసు వచ్చినవారు ఆయనొక్కరే. అందుకని ఏడాదికి నాలుగుసార్లు తెరుచుకుని, మిగతా రోజులు హాయిగా దుమ్ము తినేదాన్ని.

లాటిన్ పాఠాలు చెప్పే ఇన్నయ్య మాష్టారు ఆయనకు ప్రాణస్నేహితుడు. రోజూ సాయంత్రం మాష్టారు తలుపు తట్టకుండానే లోపలికి వచ్చేసేవారు, ఇద్దరూ కాఫీ తాగుతూ పోట్లాడుకునేవారు. ఒకసారి ఫాదర్‌గారు ఊళ్లో లేనప్పుడు మాష్టారు ఏవో లాటిన్ మాటలు చూసుకుందామని చొరవగా గదిలోకి వచ్చి, నన్ను సైకిలు క్యారియర్‌కు కట్టుకుని పోయారు. దారిలో వాన. నా అట్ట ఉబ్బింది, పేజీలు అంటుకుపోయాయి. బాగుచేయించి ఇద్దామనుకున్నారు పాపం, కుదరలేదు. ఫాదర్‌గారు తిరిగొచ్చి వెతుక్కుంటూ అడిగితే, "నేను చూళ్లేదండి ఫాదర్‌గారూ" అనేశారు.

ఆ మాటతో నేను ట్రంకుపెట్టె అడుక్కి చేరాను. మాష్టారు కాఫీకి వెళ్లడం మానేశారు. మనుషులు చిత్రమైనవాళ్లు, తప్పు చేసినవాడే అలిగినట్టు తిరుగుతాడు. ఆరేళ్లు అలాగే గడిచాయి.

ఫాదర్‌గారు మంచాన పడ్డారు. సమాధిరాయి మీద ఏం చెక్కాలో ఫాదర్లు బతికుండగానే రాసివ్వడం ఆ సెమినరీ ఆచారం. చెక్కేది మాత్రం లాటిన్‌లోనే. తనకూ లాటిన్ వచ్చినా, ఆయన పోర్చుగీసులో ఒక్క వాక్యం రాసి, లాటిన్‌లోకి మార్చమని మాష్టారికి పంపారు. పోయేలోగా చూసుకోవాలని ఆయన కోరిక. అర్థం మాత్రం రాయలేదు.

మాష్టారు హడలిపోయారు. నన్ను తెరవకుండా ఆ వాక్యం అర్థం కాదు. చూసి రాసిస్తే దొంగతనం బయటపడుతుంది. కబురు తెచ్చే నౌకరు దేవసహాయాన్ని, "చూస్తున్నానని చెప్పు" అంటూ పది రోజులు తిప్పిపంపారు.

పదకొండో రోజు ఇక ఉండలేక పెట్టె తెరిచారు. అంటుకున్న పేజీలను బ్లేడుతో విడదీశారు. పావుగంటలో పని తేలిపోయింది. స్నేహితుడు తలుపు తట్టడు. లాటిన్‌లో, ఆమీకుస్ నోన్ పుల్సత్. మూడే మాటలు. నన్ను చంకన పెట్టుకుని, అంతా ఒప్పేసుకుందామని గబగబా బయల్దేరారు.

ఫాదర్‌గారి గది బయట దేవసహాయం దుప్పట్లు మడతపెడుతున్నాడు. ఫాదర్‌గారు ఆ ఉదయమే పోయారు. అప్పటికే చర్చికి తీసుకెళ్లారు.

నన్ను చూసి దేవసహాయం ఏమీ ఆశ్చర్యపోలేదు.

"అర్థం కూడా రాసివ్వండని నేనే అడిగానండి. అక్కర్లేదన్నారండి. పుస్తకం మాష్టారి దగ్గరే ఉందిగా, ఆయనే చూసుకుంటార్లే అన్నారండి. మీరొచ్చారా అని మాత్రం రోజూ అడిగేవారండి."

మాష్టారు లోపలికి వెళ్లి, ఖాళీ మంచం పక్కన కూర్చున్నారు. ఆయన తల నా అట్టమీద ఆనింది. నాకూ సిగ్గేసింది, ఆరేళ్లు ఆ పెట్టెలో దాక్కున్నది నేనే కదా.

ఇప్పుడు సెమినరీ లైబ్రరీలో అద్దాల బీరువాలో ఉన్నాను. క్షమించమనే మాట నాలో రెండు భాషల్లోనూ ఉంది. ఆ రోజు మాష్టారి నోట అది ఏ భాషలోనూ రాలేదు.