గుమ్మం దగ్గరి మాట

ఎయిర్ మార్షల్‌గా రిటైరై జూబ్లీహిల్స్‌లో స్థిరపడిన రఘునందన్ గారి మీద సినిమా తీస్తున్నారు. పాతికేళ్ళు మిగ్ విమానాలు నడిపిన మనిషి. స్క్వాడ్రన్ అనే విమానదళానికి పెద్దయ్యాడు, తర్వాత ఎయిర్‌ఫోర్స్ స్టేషన్‌కి, ఆ తర్వాత ఏకంగా ఒక కమాండ్‌కే. ఫిలింనగర్‌లో సెట్ వేసి, ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, అన్నీ సరిగ్గా ఉన్నాయా అని అడుగుతున్నారు. ఆయన అన్నిటికీ తలూపుతున్నాడు. తన జీవితమే అయినా ఎవరిదో చూస్తున్నట్టుంది. ఏమీ అనిపించడం లేదు.

మర్నాడు తీయబోయేది కబురు చెప్పే సీను. విమానం కూలి కుర్ర పైలట్ ఎవరైనా పోతే, స్క్వాడ్రన్ అధికారి తన భార్యని వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్ళేవాడు. అదొక ఆనవాయితీ. సినిమాలో మాత్రం భార్య లేదు. హీరో ఒక్కడే తడుస్తూ వెళ్తాడు. సినిమావాళ్ళకి ఎవరైనా ఏడవాలంటే ముందు వాన పడాలి కదా. స్క్రిప్టు చదివి సరేనన్నది ఈయనే.

డైరెక్టర్ సృజన్ వచ్చి, గుమ్మం దగ్గర మీరేమన్నారని అడిగాడు. ఏమీ అనలేదన్నాడాయన.

"గట్లెట్ల సార్? ఏదో ఒక మాట అని ఉంటరు గదా. జర గుర్తు చేసుకోండి."

ఆయనకి నిజంగానే తెలియదు. వెళ్ళిన ప్రతిసారీ టోపీ చంకలో పెట్టుకుని వరండాలోనే నిలబడిపోయాడు. లోపలికి వెళ్ళింది భార్య శేషారత్నం. ఆమె ఏం చెప్పిందో ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగలేదు. అడిగితే వినాల్సి వస్తుందని భయం. విమానంలో ఎన్నడూ ఎరగని భయం అది.

సాయంత్రం ఇంటికొచ్చి కాఫీ తాగుతూ అడిగేశాడు. "రత్నం, ఆ ఇళ్ళల్లో నువ్వేం చెప్పేదానివి?"

ఆమె చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. చేతులు ఆగలేదు.

"చెప్పేదేముందండీ. నన్ను చూడగానే వాళ్ళకి తెలిసిపోయేది. మీదపడి ఏడ్చేవాళ్ళు. నేను వాళ్ళ వీపు నిమురుతూ, ఈసారికి మా ఇల్లు కాదు స్వామీ అని లోపల దణ్ణం పెట్టుకునేదాన్ని."

ఎన్నాళ్ళకో ఆయన గుండెలో ఏదో కదిలింది. అది సిగ్గు. వెంటనే సృజన్‌కి ఫోన్ చేసి, ఆ సీనులో భార్య ఉండాల్సిందే, లేకపోతే నా పేరు తీసేయమన్నాడు. సృజన్ కాసేపు సణిగి ఒప్పుకున్నాడు. కాకపోతే భార్య వేషం వేసే అమ్మాయికి నేర్పడానికి రేపు అమ్మగారు రావాలన్నాడు.

ఆయన ఆ మాటే ఆమెకి చెప్పాడు.

శేషారత్నం గిన్నె పక్కన పెట్టింది.

"ఇంకా ఎన్ని గుమ్మాలు ఎక్కమంటారండీ నన్ను?" అంది.