ఆరు బెండ్ల వలయం

దీవుల్లో దక్షిణం వైపున్న జంగ్లీఘాట్ రేవుకు దగ్గర్లోని స్కూల్లో ఎరుకమ్మ సైన్సు టీచరు. ఆమె మొగుడు గోవిందు పడవ మీద వేటకెళ్లేవాడు.

ఆ జూన్‌లో ఐసు లోపల ఎలా ఉంటుందో పిల్లలకు చూపించాలని ఆమె ఒక నమూనా మొదలుపెట్టింది. పాత వల బెండ్లు నీటి అణువులు, వెదురు పుల్లలు వాటిని కలిపే బంధాలు. వేట లేని సాయంత్రాల్లో మొగుడూ పెళ్లాం గచ్చు మీద కూర్చుని గుచ్చేవారు.

"ఒక్కో బెండు నాలుగింటిని పట్టుకోవాల మావా. అలా పట్టుకుంటూ పోతే ఆరేసి బెండ్లతో వలయాలొస్తాయి. ఆటి మధ్య ఖాళీ ఉంటాది. అందుకే ఐసు తేల్తాది."

"మరి కరిగితేనో?"

"బంధాలు తెగుతాయి. వలయాలు కూలిపోయి, అణువులు ఆ ఖాళీల్లోకి సర్దుకుంటాయి."

గోవిందు తొందరపడి ఒకచోట ఐదు బెండ్లతోనే వలయం మూసేశాడు. చుట్టూ ఉన్న పుల్లలన్నీ వంకరపోయాయి. ఆమె నవ్వి, ఊడదీయబోయింది.

"ఛోడ్ దో, ఒగ్గేయ్. రేపొచ్చి నేనే సరిజేత్తాను," అన్నాడు.

మర్నాడు వాన తెరిపిచ్చిందని వేటకెళ్లాడు. గాలికి పడవ తిరగబడింది. తోటి జాలర్లు శవాన్ని ఒడ్డుకు తెచ్చారు.

గోవిందు తల్లి కాళమ్మ దూరాన, దీవుల ఉత్తర కొసనున్న డిగ్లీపూర్‌లో కూతురి దగ్గర ఉంది. సముద్రం అల్లకల్లోలంగా ఉండి షిప్పు ఆగిపోయింది. రోడ్డు మీద చెట్లు పడ్డాయి.

"రాస్తా బంద్ వదినా. బస్సు ఎప్పుడొస్తాదో తెల్దు. అమ్మ ఒచ్చేదాకా ఉంచాల," అన్నాడు గోవిందుతో వేటకెళ్లే నూకన్న. చేపలకు వాడే ఐసు దిమ్మలు తెప్పించి శవం చుట్టూ పేర్చాడు.

ఎరుకమ్మ పక్కనే కూర్చుంది. దిమ్మల అంచులు అరిగి, నీళ్లు గచ్చు మీద పారుతున్నాయి. లోపల ఏం జరుగుతోందో ఆమెకు తెలుసు. ఏళ్ల తరబడి పిల్లలకు చెప్పిన పాఠమే. వలయాలు తెగిపోతున్నాయి, ఖాళీలు పూడిపోతున్నాయి. ఉండబట్టలేక ఒక దిమ్మను రెండు చేతులా అదిమి పట్టుకుంది. చేతుల వేడికి అది ఇంకా తొందరగా కరిగింది. నూకన్న మెల్లగా ఆమె వేళ్లు విడిపించాడు.

ఐసు మళ్లీ మళ్లీ మార్చారు. రోడ్డు మీది చెట్లు తీశాక, మర్నాడు మధ్యాహ్నానికి కాళమ్మ బస్సులో వచ్చింది. కొడుకు చెంప తాకి, ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఎంత సల్లగున్నాడే నా బాబు! ఏటీ కప్పనేదేటే ఈడికి?"

ఎరుకమ్మ లోపలికెళ్లి దుప్పటి తెచ్చింది. అత్తాకోడళ్లు చెరో కొసా పట్టుకుని, ఐసు మీదుగా అతన్ని మెడదాకా కప్పారు. కాళమ్మ వంగి దుప్పటి అంచులు కాళ్ల కిందికి దోపుతుంటే, అప్పుడు ఎరుకమ్మకు ఏడుపొచ్చింది.