చల్లారిన గుండం

పట్నం హోటళ్లు స్నానాల తొట్లకోసం బోర్లు దించి నేలలోని వేడినంతా దోచుకున్నాయి. మెరేపేకా ఇంటిముందు వేడినీటి గుండం చల్లారిపోయింది. వాళ్లమ్మ బతికినన్నాళ్లూ పొయ్యి ముట్టించకుండా అందులోనే వండిపెట్టింది. ఊరంతా ఆరేళ్లు కొట్లాడి కిందటి నెలలో ఆ బోర్లు మూయించింది. అప్పటినుంచి మెరేపేకా రోజూ మొక్కజొన్న పొత్తుల్ని గుడ్డసంచిలో కట్టి తాడుతో గుండంలోకి దించుతోంది.

"పొత్తులకి స్నానాలా వదినా? ఇంట్లో కరెంటు పొయ్యి ఉందిగా!" అన్నాడు మరిది వైరేము.

"నేల ఉడికించని పొత్తూ ఒక పొత్తేనా? మా అమ్మయితే పందులకి పడేసేది."

సంచి పైకి లాగి గింజ కొరికింది. పచ్చిదే. వైరేము పకపకా నవ్వాడు. ఆమె తడితాడు అతని చేతిలో పెట్టింది. నవ్వు ఆగిపోయింది. తాడు గోరువెచ్చగా ఉంది.

"రేపు నాకూ రెండు కట్టు వదినా," అన్నాడు.